సెల్ఫ్ పోతే ఎంతవుతుంది?

కారు సెల్ఫ్ మోటారు మొరాయిస్తే అయ్యే ఖర్చు రెండు మూడు వందల రూపాయల దగ్గర మొదలై, ఖరీదైన విదేశీ కార్లలో యాభై వేలు దాటేదాకా పోతుంది. ఒకే భాగానికి ఇంత తేడా ఎందుకంటే, ‘సెల్ఫ్ పోయింది’ అని తేలిగ్గా అనే మాట వెనక అరడజను వేర్వేరు రోగాలుంటాయి. కొన్నిటికి మోటారుతో సంబంధమే ఉండదు. కొన్నిటికి మోటారు లోపలి చిన్న ముక్క మారిస్తే సరిపోతుంది. మోటారు మొత్తం మార్చక తప్పని సందర్భాలు జనం అనుకునేంత ఎక్కువ కావు. స్పానర్ పట్టకముందే, రోగం ఏమిటో తేల్చే దగ్గరే బిల్లు సగం ఖాయమైపోతుంది.

ఇంజన్ పెట్రోలుదైనా డీజిల్‌దైనా తనంతట తాను మొదలవలేదు. పిస్టన్లు గాలిని లోపలికి పీల్చి నొక్కాలి, ఇంధనం మండాలి. అందుకు ముందుగా క్రాంక్ షాఫ్ట్‌ను బయటి నుంచి తిప్పాలి. ఒకప్పుడు ఆ పని మనిషే చేసేవాడు. బండి ముందు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పేటప్పుడు ఇంజన్ ఒక్కోసారి వెనక్కి తన్నేది, మణికట్లు విరిగేవి. అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో రావడంతో ఆ బాధ తగ్గుముఖం పట్టింది. మన దగ్గర అంబాసిడర్లకూ జీపులకూ సెల్ఫ్ ఉన్నా హ్యాండిల్ చాలాకాలం తోడుగా ఉండేది.

కెటరింగ్ అంతకుముందు క్యాష్ రిజిస్టర్ల కంపెనీలో పనిచేస్తూ, ఆ యంత్రానికి ఎలక్ట్రిక్ మోటారు అమర్చినవాడు. మోటారు రోజంతా తిరగనక్కర్లేదు, కొన్ని క్షణాలు తిరిగితే చాలు అన్నప్పుడు చిన్న మోటారు మీద దాని శక్తికి మించిన భారం మోపినా తట్టుకుంటుందన్నది ఆయన పట్టుకున్న కిటుకు. నేటి సెల్ఫ్ మోటార్లు కూడా ఈ లెక్క మీదే తయారవుతున్నాయి. అవి కాలిపోయేదీ ఈ లెక్క తప్పినప్పుడే. క్షణాల కోసం చేసిన మోటారును స్టార్ట్ అయ్యేదాకా వదలకుండా తిప్పితే వైండింగ్ వేడెక్కి మాడుతుంది.

తాళం తిప్పినా, బటన్ నొక్కినా ముందుగా ఒక రిలే కలుస్తుంది. అది మోటారు మీద కూర్చుని ఉండే సొలినాయిడ్‌కు కరెంటు పంపుతుంది. సొలినాయిడ్ చేసే పనులు రెండు. మోటారు కొసన ఉన్న చిన్న పళ్ల చక్రాన్ని ముందుకు తోసి, ఫ్లైవీల్ అంచున ఉండే పెద్ద రింగ్ గేరుతో కలుపుతుంది. అదే ఊపులో లోపలి రాగి కాంటాక్టులు అంటుకుని బ్యాటరీ కరెంటు నేరుగా మోటారులోకి దూకుతుంది. చిన్న చక్రానికి సుమారు పది పళ్లుంటే రింగ్ గేరుకు వందకు పైగా ఉంటాయి. ఒక చేత్తో ఎత్తగలిగే మోటారు అంత పెద్ద ఇంజన్‌ను నిమిషానికి ఇంచుమించు 200 చుట్లు తిప్పగలుగుతోందంటే ఈ పళ్ల తేడా వల్లే. ఇంజన్ అందుకోగానే దాని వేగం మోటారును ఛిద్రం చేయకుండా మధ్యలో ఒకవైపే పట్టే క్లచ్ ఒకటి జారిపోతుంది. షెడ్లలో బెండిక్స్ అనేది దీన్నే. తాళం వదలగానే స్ప్రింగు చిన్న చక్రాన్ని వెనక్కి లాగేస్తుంది.

ఈ వ్యవహారమంతా ఒకటి రెండు సెకన్లలో ముగుస్తుంది. ఆ కాస్త సేపట్లో మోటారు లాగే కరెంటు చిన్న పెట్రోలు కారులో 100 నుంచి 200 ఆంపియర్లు, డీజిల్ బండిలో దానికి రెట్టింపు దాకా ఉంటుంది. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు వాడేది ఐదు ఆంపియర్ల లోపే. అంటే సెల్ఫ్ కొట్టిన క్షణాన ముప్పై హెడ్‌లైట్లు ఒక్కసారి వెలిగించినంత భారం బ్యాటరీ మీద పడుతుంది. కాబట్టి లైట్లు వెలుగుతూ, హారన్ మోగుతూ, పాటలు వస్తూ ఉన్నా ఇంజన్ తిరగకపోవడంలో వింత లేదు. ‘లైట్లు బాగానే ఉన్నాయి, కాబట్టి బ్యాటరీ బాగుంది, కాబట్టి సెల్ఫ్ పోయింది’ అనే వాదన వినడానికి సబబుగా ఉంటుంది గానీ, మంచి మోటారును అనవసరంగా విప్పించేది చాలాసార్లు ఈ వాదనే.

ముందు రోగం తేలాలి

తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దమే మొదటి ఆధారం. టకటకమని వరసగా కొట్టుకుంటూ డ్యాష్‌బోర్డు దీపాలు మిణుకుమంటుంటే బ్యాటరీ నీరసించిందనో, టెర్మినల్ వదులైందనో అర్థం. ఒకే ఒక్క ‘టక్’ వినిపించి, దీపాలు ఏమాత్రం తగ్గకుండా ఉంటే సొలినాయిడ్ కాంటాక్టులో, మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లో అరిగాయని అనుమానించాలి. మోటారు రయ్యిమని తిరుగుతూ ఇంజన్ మాత్రం కదలకపోతే బెండిక్స్ జారుతోందన్నమాట. గరగరమని పళ్లు రాసుకునే చప్పుడు వస్తే చిన్న చక్రమో రింగ్ గేరో దెబ్బతింది. అసలు ఏ శబ్దమూ లేకపోతే మోటారు దాకా కరెంటే రావడం లేదేమో చూడాలి.

ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టాలి. వెలుగు బాగా పడిపోతే ముందు చూడాల్సింది బ్యాటరీని. వెలుగు చెక్కుచెదరకుండా ఉండి ఇంజన్ తిరగకపోతే మోటారు కరెంటే తీసుకోవడం లేదని తెలుస్తుంది. వోల్ట్‌మీటర్ ఉంటే లెక్క ఇంకా స్పష్టం. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ దాని మీద ఏ భారమూ లేనప్పుడు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ 9.6 కంటే కిందికి పడకూడదు. పడిందంటే సాధారణంగా లోపం బ్యాటరీదే. అరుదుగా, లోపల షార్టయిన మోటారు అతిగా కరెంటు లాగినా ఇలాగే పడుతుంది. మంచి బ్యాటరీతో జంప్ ఇచ్చి చూస్తే ఆ సందేహమూ తీరుతుంది.

బ్యాటరీ బాగున్నా కరెంటు మధ్యలో ఆగిపోయే చోట్లు చాలా ఉన్నాయి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకునే పొరను వేడినీళ్లతో కడిగి, గీకి, బిగిస్తే ఎన్నో బండ్లు స్టార్టవుతాయి. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు తుప్పుపట్టినా అచ్చం సెల్ఫ్ పోయినట్టే ఉంటుంది. రెండు మూడు వందల రూపాయల రిలే కాలినా అంతే. క్లచ్ నొక్కితేనే స్టార్టయ్యే కార్లలో క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్, ఆటోమేటిక్ కార్లలో గేరు లీవరు స్థానాన్ని చెప్పే స్విచ్ పనిచేయకపోతే మోటారుకు ఆజ్ఞే అందదు. తాళంలోని చిప్‌ను కారు గుర్తించకపోతే కొన్ని మోడళ్లలో సెల్ఫ్ తిరగదు. డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు మినుకుమంటూ ఆ సంగతి చెబుతూనే ఉంటుంది. ఇక ఎలుకలు. పార్కింగులో పది రోజులు కదలకుండా ఉన్న కారు స్టార్టవకపోతే బానెట్ ఎత్తి వైర్లు చూశాకే మిగతా మాట.

ఈ పరీక్షలన్నీ తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కు పావుగంట పని. సాదా మెకానిక్ కంటే ఎలక్ట్రీషియన్ దగ్గరికి ముందు వెళ్లడం మంచిదనేది ఇందుకే. ఇంజన్ పనిలో ఎంత చేయి తిరిగినవాడైనా మీటరు పట్టే అలవాటు లేకపోతే అనుమానం ఉన్న భాగాన్నల్లా మార్చి చూస్తాడు. ఆ ప్రయోగాల ఖర్చు బండి యజమానిదే.

విప్పితే లోపల

లోపం మోటారుదేనని తేలినా కొత్త మోటారు కొనాల్సిందేనని కాదు. సెల్ఫ్ మోటారు విప్పి బాగుచేయడానికి వీలుగా తయారైన వస్తువు. కింద చెప్పే ధరలు మన పట్టణాల్లోని మార్కెట్‌ను బట్టి వేసిన సుమారు అంచనాలు. బండి మోడలు, ఊరు, అంగడిని బట్టి ఇవి బాగానే మారతాయి.

అన్నిటికంటే ముందు అరిగేవి కార్బన్ బ్రష్‌లు. తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించే ఈ బొగ్గు ముక్కలు రాపిడికి పొట్టివై, వెనకనున్న స్ప్రింగు వాటిని గట్టిగా నొక్కలేని స్థితికి వస్తాయి. అప్పుడు మోటారు ఒకసారి తిరిగి, ఒకసారి మొండికేస్తుంది. మోటారును రాడ్డుతో మెల్లగా తట్టి స్టార్ట్ చేసే పాత చిట్కా పనిచేసేది ఈ దశలోనే. ఆ తట్టుడుకు బ్రష్ కాస్త జరిగి మళ్లీ అంటుకుంటుంది. ఇంటికో షెడ్డుకో చేరడానికి అది చాలు. దాన్నే నమ్ముకుని వారాలు నెట్టుకురావడం ఏదో ఒక రాత్రి నడిరోడ్డు మీద తేలుతుంది. కార్బన్ సెట్టు ధర మామూలు కార్లకు రూ.200 నుంచి 600 మధ్య ఉంటుంది. మోటారు దించి, లోపల శుభ్రం చేసి, బుష్‌లు మార్చి, మళ్లీ ఎక్కించే కూలితో కలిపి రూ.800 నుంచి 1,800 దాకా అవుతుంది. లక్ష కిలోమీటర్లు దాటిన కార్లలో ‘సెల్ఫ్ పోయింది’ అన్న ఫిర్యాదులకు చాలాసార్లు మందు ఇంతే.

సొలినాయిడ్ కాంటాక్టులు ప్రతి స్టార్టుకూ నిప్పురవ్వ తిని నల్లబడతాయి. కొత్త సొలినాయిడ్ రూ.700 నుంచి 2,500 దాకా ఉంటుంది. బెండిక్స్ కూడా దాదాపు ఆ ధరలోనే దొరుకుతుంది.

గరగర శబ్దాన్ని మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు. అరిగిన చిన్న చక్రంతోనే బండి నడిపితే అది రింగ్ గేరు పళ్లను కొరికేస్తుంది. రింగ్ గేరు మార్చాలంటే గేరుబాక్సు దించాలి. రెండు వేలలో పోయే పని ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపిన ప్రతిసారీ దాదాపు అవే రెండు స్థానాల్లో నిలుస్తుంది. అందువల్ల రింగ్ గేరు పళ్లు చుట్టూ సమంగా కాకుండా ఆ రెండు చోట్లే ఎక్కువ అరుగుతాయి. గేరులో వేసి కారును కాస్త ముందుకు తోస్తే సెల్ఫ్ పట్టుకుంటోందంటే అరుగుదల అక్కడ ఉందని అనుకోవచ్చు.

ఆర్మేచర్ వైండింగ్ కాలితే వాసనే చెబుతుంది. కమ్యుటేటర్ గరుకైతే లేత్ మీద సన్నగా కోసి నున్న చేస్తారు. వైండింగ్ కాలినప్పుడు తిరిగి చుట్టించడం ఒకప్పుడు మామూలే. లారీల పెద్ద మోటార్లకు ఇప్పటికీ చేస్తారు. చిన్న కార్ల విషయంలో కొత్త ఆర్మేచరే మేలు. ఇది రూ.1,200 నుంచి 3,500 దాకా. ఆర్మేచర్, బెండిక్స్, సొలినాయిడ్ మూడూ ఒకేసారి అడుగుతుంటే ఆ డబ్బుకు మరికొంత కలిపి కొత్త మోటారు వేయించుకోవడమే తెలివి.

విజయవాడ ఆటోనగర్‌లోనో, విశాఖలో గాజువాక పక్కనున్న ఆటోనగర్‌లోనో ఇలాంటి రిపేరు గంటల్లో అయిపోతుంది. అదే కారు అమెరికాలో ఉంటే కార్బన్లు మార్చేవాడి కోసం వెతకాలి. అక్కడ మెకానిక్ గంట కూలే సాధారణంగా వంద డాలర్లు దాటుతుంది. అంత కూలి పెట్టి మోటారు విప్పి కూర్చోవడం కంటే మొత్తం మార్చేయడమే షాపుకు గిట్టుబాటు. బిల్లు కొన్ని వందల డాలర్లకు చేరేది అందుకే. పాత మోటారు తిరిగి ఇచ్చేదాకా కొంత డిపాజిట్ కూడా వసూలు చేస్తారు. ఆ పాత మోటార్లు ఫ్యాక్టరీకి వెళ్లి, లోపలి భాగాలు మార్చుకుని, రీమాన్యుఫ్యాక్చర్డ్ అనే పేరుతో మళ్లీ అంగట్లోకి వస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువారికి ఆ బిల్లు దారుణంగా అనిపించడం సహజమే గానీ, రిపేరనేది అక్కడా జరుగుతోంది. షెడ్డులో కాకుండా ఫ్యాక్టరీలో జరుగుతోంది.

మోటారే మార్చాల్సి వస్తే

మన దేశంలో చిన్న పెట్రోలు కార్లకు కొత్త సెల్ఫ్ మోటారు సుమారు రూ.4,000 నుంచి 8,000 దాకా ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో గాలిని మరింత గట్టిగా నొక్కాలి కాబట్టి మోటారుకు బలం ఎక్కువ కావాలి. పెట్రోలు కారు మోటారు ఒక కిలోవాట్ అటూఇటూ ఉంటే డీజిల్‌ది రెండు కిలోవాట్ల దాకా పోతుంది. దాంతో ధర కూడా రూ.7,000 నుంచి 15,000 అవుతుంది. పెద్ద ఎస్‌యూవీలకు ఇంకా పైన. జర్మన్ లగ్జరీ కార్లకు పాతిక వేలతో మొదలై యాభై వేలు దాటవచ్చు.

ఒకే కారుకు మూడు నాలుగు ధరలు వినిపించడం కొనేవాళ్లను తికమక పెడుతుంది. కార్ల కంపెనీలు సెల్ఫ్ మోటార్లను సాధారణంగా సొంతంగా తయారు చేసుకోవు. 1961లో మొదలైన చెన్నై లూకాస్ టీవీఎస్, బాష్ నుంచి విడివడిన ఎస్‌ఈజీ ఆటోమోటివ్, వలెయో, డెన్సో, మిత్సుబిషి ఎలక్ట్రిక్ లాంటివి చేసి ఇస్తాయి. ఆ మోటారు కారు కంపెనీ డబ్బాలో వస్తే ఒక ధర, తయారీదారు సొంత డబ్బాలో వస్తే అంతకంటే తక్కువ ధర. పాత మోటారు మీదున్న పేరు, పార్టు నంబరు చూసి రెండో డబ్బా వెతుక్కోవడమే అన్నిటికంటే మంచి బేరం. దీనికి కొంచెం ఓపిక కావాలి, అంతే. మూడో రకం పేరూ ఊరూ లేని చౌక మోటార్లు. వాటిలో రాగి తక్కువ, వారంటీ నోటిమాట. నాలుగోది తుక్కు కార్ల నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ సరుకు. తయారీ ఆగిపోయిన మోడళ్లకు ఇది తప్పనిసరి కావచ్చు. అప్పుడైనా బల్ల మీద బ్యాటరీ పెట్టి తిప్పించి చూసి, కార్బన్లు మార్పించాకే బిగించుకోవాలి.

కూలి అనేది మోటారు ఎక్కడ దాక్కుందన్న దాన్ని బట్టి ఉంటుంది. చాలా చిన్న కార్లలో ఇంజన్, గేరుబాక్సు కలిసేచోట రెండు మూడు బోల్టులతో బిగించి ఉంటుంది, గంటలో దిగుతుంది. బయటి షెడ్లలో రూ.500 నుంచి 1,500, కంపెనీ సర్వీస్ సెంటర్లలో దానికి రెట్టింపు దాకా అడుగుతారు. కొన్ని ఇంజన్లలో ఎయిర్ ఫిల్టర్ పెట్టె, బ్రాకెట్లు, ఒక్కోసారి ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీస్తే గానీ అది కనబడదు. ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను మొదట తెచ్చిన క్యాడిలాకే తర్వాతి కాలపు నార్త్‌స్టార్ వీ8 ఇంజన్‌లో దాన్ని ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఇరికించింది. అలాంటి చోట కూలి మోటారు ధరతో పోటీ పడుతుంది.

మోటారు దించే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పారో లేదో గమనించాలి. సెల్ఫ్‌కు వెళ్లే లావు తీగకు చాలా కార్లలో మధ్యలో ఫ్యూజ్ ఉండదు. స్పానర్ తగిలిందంటే వందల ఆంపియర్లు ఇనుము మీదుగా పారి తీగ మాడుతుంది, చేయీ కాలుతుంది. అలాగే పాత మోటారు నూనెలో నానిపోయి బయటికి వస్తే, ఆ నూనె ఎక్కడి నుంచి కారుతోందో చూసి ఆపకుండా కొత్తది బిగించడం దండగ. కొన్నాళ్లకు అదీ అలాగే నానుతుంది.

పన్ను విషయంలో ఈమధ్య వాహనదారుకు కాస్త మేలు జరిగింది. 2017లో జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి సెల్ఫ్ మోటారు మీద 28 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ 18 శాతమే. రూ.6,000 మూలధర ఉన్న మోటారు అంతకుముందు పన్నుతో రూ.7,680 అయ్యేది, ఇప్పుడు రూ.7,080. కూలి మీద కూడా 18 శాతం పడుతుంది. డబ్బా మీద ముద్రించిన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఎంఆర్‌పీ వేసి, దానిమీద మళ్లీ జీఎస్టీ కలిపిన బిల్లు ఇస్తే అది తప్పుడు బిల్లు.

కంపెనీ విడిభాగాలు బయటి మెకానిక్‌లకు సులువుగా దొరక్కపోవడం మీద దేశంలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. విడిభాగాలు, రిపేరుకు కావలసిన సాంకేతిక సమాచారం తమ అధీకృత కేంద్రాలకే పరిమితం చేసి పోటీని అడ్డుకున్నాయంటూ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం దాదాపు రూ.2,545 కోట్ల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చి, అందులో వాహనాలనూ చేర్చింది. బయట రిపేరు చేయించుకోవడం దొంగచాటు పనేమీ కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వారంటీలో ఉన్న కారుకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. సెల్ఫ్ మోటారు తయారీ లోపంతో పాడైతే సాధారణంగా కంపెనీయే మార్చి ఇస్తుంది. ఆ గడువులో బయట విప్పించడమే పొరపాటు. బీమా సంగతి వేరు. సమగ్ర పాలసీ అయినా యాంత్రిక, విద్యుత్ లోపాలను మామూలుగా భరించదు. ప్రమాదంలోనో వరదలోనో దెబ్బతింటే మాత్రం దాని పరిధిలోకి వస్తుంది.

వరద అన్నప్పుడు ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. సెల్ఫ్ మోటారు ఇంజన్ కిందివైపు ఉంటుంది కాబట్టి బురదనీళ్లు ముందుగా చేరే చోట్లలో అదొకటి. అంతకంటే పెద్ద ప్రమాదం, నీళ్లు దిగగానే ‘ఒకసారి చూద్దాం’ అని సెల్ఫ్ కొట్టడం. సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే అవి గాలిలా నొక్కుకుపోవు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. స్టార్ట్ చేయబోయి కొని తెచ్చుకున్న నష్టమంటూ బీమా కంపెనీ ఇంజన్ ఖర్చుకు అడ్డం తిరగవచ్చు. మునిగిన కారును తాళం ముట్టకుండా లాగించుకుపోవడమే పని.

కొత్త కార్లలో పరిస్థితి మారుతోంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగి, మళ్లీ అదే స్టార్టయ్యే ఐడిల్ స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లకు గట్టి మోటారు కావాలి. మామూలు మోటారు కొన్ని పదుల వేల స్టార్టులకు తయారైతే, ఇవి లక్షల స్టార్టులకు తయారవుతాయి. ధర కూడా అందుకు తగ్గట్టే. వీటికి చౌక మోటారు వేస్తే ఎంతోకాలం నిలవదు. బ్యాటరీ కూడా వీటికి ప్రత్యేకమైనదే. బెల్టుతో తిరిగే స్టార్టర్ జనరేటర్ ఉన్న మైల్డ్ హైబ్రిడ్లలో కూడా సాధారణంగా చల్లటి ఇంజన్‌ను మొదటిసారి తిప్పడానికి విడిగా సెల్ఫ్ ఉంటుంది. టయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారాల్లోని స్ట్రాంగ్ హైబ్రిడ్ రకాల్లో హైబ్రిడ్ వ్యవస్థలోని మోటారే ఇంజన్‌ను తిప్పుతుంది. ఎలక్ట్రిక్ కారులో అసలు సెల్ఫే లేదు.

వాడే తీరులో చేసుకోగల పొదుపు కొంత ఉంది. ఒక్కో ప్రయత్నం పది సెకన్లు మించకుండా, మధ్యలో అర నిమిషం ఆగి కొట్టాలి. మూడు నాలుగు సార్లకు ఇంజన్ అందుకోకపోతే లోపం సెల్ఫ్‌ది కాదు, ఇంధనానిదో స్పార్కుదో. మోటారును ఎంత తిప్పినా లాభం లేదు. బ్యాటరీ బాగుండి సెల్ఫ్ ఒక్కటే పోతే మాన్యువల్ గేరు కారును రెండో గేరులో తోసి స్టార్ట్ చేసుకుని షెడ్డుకు నడుపుకుపోవచ్చు. లాగుడు బండి ఖర్చు మిగులుతుంది. ఆటోమేటిక్ కార్లలో ఇది కుదరదు.

షెడ్డులో అయినా, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అయినా మోటారు మార్చాలని చెప్పినప్పుడు సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిందో అడగండి. చెప్పలేకపోతే పరీక్ష జరగలేదన్నమాటే. ఇంకో చోట చూపించండి. మార్చాక పాత మోటారు, కొత్తదాని డబ్బా, పార్టు నంబరు రాసిన బిల్లు చేతికి తీసుకోండి. పాత మోటారును అక్కడే వదిలేస్తే దానిలోని రాగికి తగ్గ విలువ బిల్లులో తగ్గించమనండి. బిల్లు ఇవ్వకపోయినా, వేయని భాగానికి డబ్బు వసూలు చేసినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.